సప్తగోదావరి ముద్ర ఎర్రబడిన రోజు

ఉదయం పది దాటి ఏడు నిమిషాలకు కాకినాడ రేవులోని ముద్రల గదిలో గంట మోగింది. ఆ గది తెరిచి పదిహేను నెలలైంది. ఇన్నాళ్లలో ఆ గంట ఒక్కసారి కూడా మోగలేదు. అసలు అక్కడో గంట ఉందన్న సంగతే అందులో పనిచేసేవాళ్లలో సగం మందికి తెలియదు. ఎవరిదో ఫోను అనుకుని అందరూ జేబులు తడుముకున్నారు.

నూకరత్నం మాత్రం తడుముకోలేదు. ఆ గంట పెట్టించింది ఆవిడే. తినబోతున్న ఉప్మా క్యారేజీని బల్ల మీద పడేసి గోడ దగ్గరికి పరిగెత్తింది. గోడ మీద ముప్పై రెండు దీపాలు, సముద్రం మీదున్న ముప్పై రెండు ఓడలకు ఒక్కొక్కటి. ముప్పై ఒకటి నీలంగా వెలుగుతున్నాయి. పై వరసలో నాలుగోది ఎర్రగా ఉంది. దాని కిందున్న పేరు ఆవిడ చదవక్కర్లేదు. అయినా రెండుసార్లు చదివింది. సప్తగోదావరి.

సప్తగోదావరి మీద ఇరవై రెండు మంది ఉన్నారు. అందులో డెక్కు పనివాళ్లందరికీ పెద్ద, అంటే సరంగు, సంగాడి పైడిరాజు. నూకరత్నానికి సొంత అన్న.

ఆ ఎర్ర దీపం అంటే ఏమిటో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కెస్టోవాకూ మెరానాకూ యుద్ధం మొదలై నాలుగేళ్లయింది. మనం ఆ పక్షమూ కాదు, ఈ పక్షమూ కాదు. కాకపోతే మాత్రం ఏం లాభం? సముద్రమంతా కెస్టోవా చేతిలో ఉంది. మెరానాకు తుపాకులు తీసుకెళ్లే ఓడల్ని ఆపుతామన్నారు వాళ్లు. న్యాయంగానే ఉందిలే అనుకున్నాం. తర్వాత ఇనుము ఆపారు. తర్వాత నూనె. తర్వాత బట్టలు, సైనికులు తొడుక్కుంటారట. మందులు, సైనికులు మింగుతారట. చివరికి బియ్యం కూడా యుద్ధసామగ్రి జాబితాలోకి ఎక్కింది. అన్నం తినని సైనికుడు ఎక్కడున్నాడు మరి.

ఈ రెండు దేశాలకూ నడుమ సాలూ అనే ద్వీపం ఉంది. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మూడు లక్షల మంది అక్కడ మన బియ్యం తిని బతుకుతారు. సాలూకి వెళ్లే ప్రతి ఓడనీ కెస్టోవా వాళ్లు ఆపేవాళ్లు. దారిలో మెరానాకి దించరని నమ్మకం ఏమిటని అడిగి, తమ రేవుకి ఈడ్చుకుపోయి, బస్తా బస్తా విప్పి చూసేవాళ్లు. నెలలు పట్టేది. ఈలోగా బియ్యం పురుగు పట్టేది. మనుషులు జబ్బు పడేవాళ్లు. నూకరత్నం భర్త గురవయ్య అలా ఆగిపోయిన ఓడలో ఇంజను పని చేసేవాడు. పరాయి రేవులో ఐదు నెలలు ఉంచారు. జ్వరం వచ్చి పోయాడు. మందులు జాబితాలో ఉన్నాయి కదా, ఎవరిస్తారు?

దాంతో మన వాళ్లకూ ఒళ్లు మండింది. బియ్యం ఓడలకు తోడుగా యుద్ధనౌకలు బయలుదేరాయి. రెండుసార్లు ఎదురెదురుగా ఫిరంగులు తిప్పుకుని నిలబడ్డారు. అప్పుడు ఒక్క గుండు పేలి ఉంటే ఎవరితోనూ వైరం లేని మనం కూడా ఈపాటికి యుద్ధంలో ఉండేవాళ్లం.

అలాంటి రోజుల్లో నూకరత్నం ముద్ర కనిపెట్టింది. ఆవిడ సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. దుమ్ములపేటలో చేపలు ఎండబెట్టే ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి, కొన్ని రాత్రుల్లో అలల మీద నీలంగా మెరిసే జీవుల్ని పుస్తకాల్లో కాక ముందు కళ్లతో చూసింది. వాటిని యుద్ధానికి ముందు నుంచీ ఏడేళ్లు పెంచి, మార్చి, ఒక జిగురులో బతికేలా చేసింది. ఓడలో సరుకుండే గది తలుపు మూసి, ఆ సందు మీద వేలెడు వెడల్పున ఆ జిగురు పూస్తారు. లోపల ఆ జీవులు ఉన్న కాస్త గాలితో సరిపెట్టుకుని నీలంగా వెలుగుతుంటాయి. తలుపు వెంట్రుకవాసి తెరిచినా జిగురు తెగుతుంది, గాలి తగులుతుంది, అవి ఎర్రబడిపోతాయి. ఎర్రబడ్డాక మళ్లీ నీలం కావు. దొంగముద్ర వేద్దామన్నా కుదరదు. ఏ ఓడ జీవులు ఆ ఓడవే. ముద్ర దగ్గర బిగించిన చిన్న పరికరం ఎరుపుని పసిగట్టి, ఇక్కడి గోడకీ కెస్టోవా నౌకలకీ ఒకేసారి తెలియజేస్తుంది.

యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాలూ దాన్ని నమ్మాయి. మనతో ఒప్పందం రాసుకున్నాయి. నీలం ముద్ర ఉన్న ఓడని ఎవరూ ఆపకూడదు. ఎర్రబడితే ఓడా సరుకూ ఆపినవాడివి, మనుషులు దొంగరవాణా ముద్దాయిలు. యుద్ధకాలంలో దానికి శిక్ష ఉరి.

*

పది ముప్పావుకల్లా సదాశివమూర్తి వచ్చాడు. విదేశాంగ శాఖ తరఫున రేవులో కూర్చునే అధికారి ఆయన. రోజూ ఇస్త్రీ నలగకుండా వచ్చే మనిషి, ఆ వేళ చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని ఉన్నాడు.

"కెస్టోవా నౌక మన ఓడని ఆపేసింది నూకరత్నం గారూ. వాళ్ల మనుషులు డెక్కు ఎక్కారు. కెప్టెన్ ఒకావిడ, హెల్డ్రిన్ అని. మధ్యాహ్నం రెండింటి దాకా గడువిచ్చింది. ఈలోగా మనం సంజాయిషీ చెప్పకపోతే ఓడని లాక్కుపోతుంది."

"మన నౌక?"

"అదే నా భయం. మన నౌక కూడా సరిగ్గా రెండింటికి అక్కడికి చేరుతుంది. మన ఓడ మీద చెయ్యి వేస్తే కాల్చమని ఆజ్ఞ ఉంది." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఢిల్లీ నుంచి ఒక కాగితం పంపారు. మీరు సంతకం చేయాలి."

కాగితంలో రెండే వాక్యాలున్నాయి. ముద్ర సరిగ్గానే పనిచేసింది. సప్తగోదావరి తలుపు దారిలో తెరిచారు.

"ఇది పెడితే మన నౌక వెనక్కి వస్తుంది. దొంగ ఓడ కోసం మనం యుద్ధం చేయం కదా" అన్నాడాయన, ఆవిడ ముఖంలోకి చూడకుండా.

"మా అన్నయ్య దొంగ కాదండి."

"నాకు తెలుసమ్మా. కానీ ముద్ర తప్పు చెప్పిందంటే ఏమవుతుందో మీకూ తెలుసు. ఒక్కసారి అబద్ధం చెప్పినా ఒప్పందం మొత్తం రద్దు. మిగతా ముప్పై ఒక్క ఓడలూ ఈ సాయంత్రానికల్లా దిక్కులేనివైపోతాయి. ఒక్కోదాని కోసం ఒక్కో యుద్ధనౌక పంపుతామా? ఎన్నిచోట్ల తుపాకులు పేలతాయి?"

ఆయన చెప్పింది నిజమే. అది నిజం కావడమే నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కించింది. ఒక పక్క ఇరవై రెండు మంది, తోడబుట్టినవాడితో సహా. ఇంకో పక్క ముప్పై ఒక్క ఓడలు, వాటి వెనక యుద్ధం. కలం తీసుకోమని ఆయన చెయ్యి చాచాడు.

"ముందు ఫోటో చూపించండి" అంది.

కెస్టోవా వాళ్లు ముద్ర ఫోటో పంపారు. నూకరత్నం దాన్ని తెర మీద పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. చూస్తూ చూస్తూ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"ఇది నా ఎరుపు కాదు."

"అంటే?"

"నా జీవులు చస్తే ఇటుక రంగు వస్తుంది. వందసార్లు చూశాను, కళ్లు మూసుకున్నా గుర్తుపడతాను. ఇది ఇటుక రంగా? ఇంకోటి చూడండి. తలుపు తెరిస్తే సందు పొడుగునా గీతలా ఎర్రబడాలి. ఇక్కడ గీత ఎక్కడుంది? మూడు గుండ్రాలు ఉన్నాయి. మూడూ ఒక వరసలో, వేలి మందం ఎడంలో."

సదాశివమూర్తి కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. ఆయనకి మూడు ఎర్రటి మచ్చలు కనిపించాయి, అంతే. నూకరత్నానికి మాత్రం వాటి వెనక మూడు వేళ్లు కనిపించాయి. పుట్టినప్పటి నుంచీ ప్రతి పండక్కీ గడప మీదా, బీరువా మీదా, పరీక్షలకు వెళ్లే రోజు తన పెన్నుల డబ్బా మీదా చూసిన వేళ్లు అవి.

"అరగంటలో వస్తాను" అని బయటికి పరిగెత్తింది.

*

దుమ్ములపేటలో పోలమ్మ ఇంటి ముందు వల పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, కాకుల్ని తోలే గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. కూతురు ఆటో దిగి డబ్బులివ్వడం కూడా మరిచి వస్తుంటే చూసి, చేతిలో కర్ర కింద పెట్టింది.

"ఏటే, ఈ యేళప్పుడు వచ్చావు?"

"అమ్మా, అన్నయ్య బయలుదేరిన రోజు నువ్వు ఓడ ఎక్కావా?"

"ఎక్కకేం? ఇంటోళ్లందరికీ పాసులిచ్చారు కదా. కొబ్బరికాయ కొట్టాం, హారతిచ్చాం."

"నా ముద్ర ముట్టుకున్నావా?"

పోలమ్మ నవ్వింది. దొరికిపోయిన నవ్వు కాదు, గొప్పగా నవ్వింది. "ముట్టుకోవడం ఏటే, బొట్టెట్టాను. అందరూ ఓడ ముందుకెల్లి పసుపు రాత్తన్నారు. ఇంజనుకి రాత్తన్నారు, ఆకరికి లంగరుకీ రాసారు. నీ ముద్దర కాడికి మాత్రం ఒక్కడు రాలేదు. నా కూతురు ఏడేళ్లు కళ్లు కాయలు కాసేలా సేసింది కదా, దానికి బొట్టు లేకుండా సముద్రం మీదికెలా పంపుతాను? గాలికి రాలిపోద్దని పసుపులో నెయ్యి కలిపి మరీ ఎట్టాను."

నూకరత్నం అక్కడే వల పక్కన చతికిలబడింది.

ఎనభై పరీక్షలు చేసిందావిడ ఆ ముద్ర మీద. ఉప్పునీరు పోసింది, డీజిలు పోసింది, ఎండలో పెట్టింది, మంచులో పెట్టింది, సుత్తితో కొట్టింది. రెండు దేశాల నిపుణులు వచ్చి ఇంకో నలభై చేశారు. పసుపు రాసి చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఆ జీవులు బతకాలంటే జిగురులో సున్నపు గుణం ఉండాలి. పసుపులో సున్నం కలిస్తే ఎర్రటి పారాణి అవుతుందని కాళ్లకు పెట్టుకునే ప్రతి ఆడదానికీ తెలుసు. ఇంత చదువూ చదివి తనకి మాత్రం తట్టలేదు. నెయ్యి అడ్డం ఉండడం వల్ల పసుపు జిగురుకి తగలడానికి, ఓడ బయలుదేరాక తొమ్మిది రోజులు పట్టింది.

"అన్నయ్య చూశాడా?"

"సూసాడు. 'అమ్మా, దాన్ని ముట్టుకోకూడదంట' అన్నాడు. ఎట్టేసాక తుడుత్తారేటి, అసుభం కాదూ?" అని, అప్పుడు కూతురి ముఖం సరిగ్గా చూసింది పోలమ్మ. "ఏటైంది రత్నం? ఆడు బాగున్నాడా?"

నూకరత్నం చెప్పింది. రెండు ముక్కల్లోనే చెప్పింది. పోలమ్మ నెత్తళ్లని కాకులకి వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కి కూర్చుంది.

"పద" అంది. "నేను సెప్తాను ఆళ్లకి."

*

ప్రయోగశాలలో పన్నెండు గంటల వేళ నూకరత్నం రెండు ముద్ర ముక్కలు పక్కపక్కన పెట్టింది. ఒకటి కావాలని కోసి ఎర్రబడేలా చేసింది. రెండోదానికి పసుపు పూసింది, ఈసారి నెయ్యి లేకుండా. నిమిషంలో కుంకుమలా ఎర్రబడింది. సదాశివమూర్తి వంగి చూస్తున్నాడు. ఆవిడ క్యాంటీను నుంచి తెప్పించిన నిమ్మకాయ కోసి రెంటి మీదా పిండింది.

కోసిన ముక్క ఎర్రగానే ఉంది. పసుపు ముక్క మీద ఎరుపు విరిగి, చూస్తుండగానే మళ్లీ పసుపైపోయింది.

"తువ్వాలు కప్పండి దాని మీద. ఇప్పుడు లోపలికి చూడండి."

ఆయన తల దూర్చి చూశాడు. పసుపు మరక కింద నీలంగా వెలుగు. సన్నగా, కదలకుండా.

"బతికే ఉన్నాయి" అన్నాడు.

"బతికున్నాయంటే తలుపు తెరవలేదనే కదండీ. ఓడ మీద వంటవాడి దగ్గర నిమ్మకాయలు ఉండకుండా పోవు. హెల్డ్రిన్ చేత ఇదే చేయిద్దాం. ఒప్పందం ప్రకారం వాళ్ల దగ్గర తెగిన ముద్ర నమూనా ఉంటుంది, పక్కన పెట్టి పోల్చుకుంటుంది. కానీ ఒక్కటే అవకాశం. నిమ్మపులుపు ఈ జీవులకి విషం."

అంటుండగానే తువ్వాలు కింద వెలుగు మసకబారింది. పది నిమిషాలకి ఆరిపోయింది. అన్ని పరీక్షలు చూసిన నూకరత్నానికి కూడా అది చూస్తే ఏదోలా అయింది.

సదాశివమూర్తి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. "ఓడ దక్కుతుంది. ఒప్పందం దక్కదు. ఏమీ తెరవకుండానే ముద్ర ఎర్రబడిందని మీ నోటితో మీరే చెబుతున్నారు. అబద్ధం చెప్పినట్టే కదా?"

"అబద్ధం ఎందుకైంది? ఎవరూ ముట్టుకోకూడదని కదా ముద్ర? ముట్టుకున్నారు. ఎర్రబడింది."

ఆయన గిర్రున వెనక్కి తిరిగాడు. ఆ మాట ఆయనకి నచ్చింది. ఒప్పందం ప్రతి తీసి గబగబా పేజీలు తిప్పాడు. పద్దెనిమిదో షరతు దగ్గర ఆగాడు.

"ఉంది. ఓడ సిబ్బంది కాని మనిషి ఎవరైనా ముద్రని ముట్టి చెడగొట్టినట్టు తేలితే, ఓడకీ ముద్రకీ దోషం లేదు. ఒప్పందం నిలుస్తుంది." కాగితం మీంచి తలెత్తాడు. "కానీ ఆ మనిషి పేరు చెప్పాలి. శిక్ష ఆ మనిషికి."

"ఎంత?"

"మూడేళ్లు."

"అయితే నా పేరు చెబుతాను."

"మీది చెప్పడానికి లేదు" అన్నాడాయన నెమ్మదిగా. "తయారుచేసే చెయ్యే చెడగొట్టిందంటే ముప్పై ఒక్క ముద్రలూ అనుమానమే. అప్పుడు ఏదీ మిగలదు."

నూకరత్నం గుమ్మం వైపు చూసింది. బయట వరండాలో బెంచీ మీద పోలమ్మ కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని, రేవు పోలీసుకి కొడుకు గురించి ఏదో చెబుతోంది. మూడేళ్లంటే డెబ్బై ఒకటి. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.

"పేరు లేకుండా అడుగుదాం" అంది నూకరత్నం. "ముందు నిమ్మకాయ పిండనివ్వండి. తర్వాత సంగతి తర్వాత."

*

ఒంటిగంట నలభైకి ముద్రల గదిలో లైను కలిసింది. తెర మీద సప్తగోదావరి డెక్కు కనిపించింది. ఇరవై రెండు మందినీ ఒక పక్కన వరసగా కూర్చోబెట్టారు. పైడిరాజు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. హెల్డ్రిన్ యాభై ఏళ్ల పొట్టి మనిషి, ఎండకి కమిలిన ముఖం. ఇంగ్లీషులో మాట్లాడింది, ముక్కలు ముక్కలుగా.

"ఇరవై నిమిషాల్లో మీ నౌక నా తుపాకుల దూరంలోకి వస్తుంది. చెప్పేదేదో త్వరగా చెప్పండి."

నూకరత్నం చెప్పింది. ఒక్క ఊపిరిలో చెప్పింది. హెల్డ్రిన్ కనురెప్ప వేయకుండా విని అడిగింది: "యుద్ధం ఆపడానికి నిమ్మకాయ పిండమంటారు మీరు?"

"మీకు పోయేదేముంది? అది పసుపు కాకపోతే ఎర్రగానే ఉంటుంది. అప్పుడు ఓడని తీసుకుపోండి."

తర్వాత హెల్డ్రిన్ పక్కకి తిరిగి ఏదో అంది. వంటవాడు లేచి వెళ్లి, రెండు నిమ్మకాయలూ ఒక కత్తీ తెచ్చాడు. కత్తి చూసి సైనికులు తుపాకులెత్తారు. హెల్డ్రిన్ కత్తి తనే తీసుకుని, నిమ్మకాయ తనే కోసి, ముందు తమ నమూనా మీద పిండింది.

మారలేదు.

తర్వాత తలుపు మీది మూడు మచ్చల మీద పిండింది. మొదటి మచ్చ అంచు విరిగింది. మధ్యకి పాకింది. రెండోది, మూడోది. మూడు పసుపు బొట్లు తెర మీద నిలిచాయి. గదిలో ఎవరో ఏడ్చారు.

"టార్పాలిన్ కప్పుకుని చూడండి. త్వరగా, పది నిమిషాలే ఉంటుంది" అని నూకరత్నం తెర మీదికి వంగిపోయింది.

హెల్డ్రిన్ టార్పాలిన్ కిందికి దూరింది. ఆవిడ బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఎంతసేపటికీ బయటికి రాదు. గడియారం ఒంటిగంట యాభై రెండు చూపిస్తోంది. సముద్రం అంచున మన నౌక పొగ కనబడుతోందని ఎవరో చెప్పారు.

టార్పాలిన్ కదిలింది. హెల్డ్రిన్ లేచి నిలబడి టోపీ సరిచేసుకుంది.

"నీలమే" అంది.

గది గదంతా ఒక్కసారి లేచి నిలబడింది. సదాశివమూర్తి, ఎన్నడూ ఎవరినీ ముట్టుకోని మనిషి, పక్కనున్న గుమాస్తాని కౌగిలించుకున్నాడు. నూకరత్నానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కానీ హెల్డ్రిన్ ఇంకా కెమెరా వైపే చూస్తోంది.

"తలుపు తెరవలేదు, ఒప్పుకుంటాను. మరి ముద్ర ఎర్రబడింది. ఇందులో రెండే ఉన్నాయి. ముద్ర తనంతట తాను తప్పు చెప్పిందా? లేక ఎవరైనా ముట్టుకున్నారా? మొదటిదైతే ఇప్పుడే మా రాజధానికి చెప్పి ఒప్పందం ఆపించాలి. రెండోదైతే పేరు కావాలి."

గది చల్లబడిపోయింది. సదాశివమూర్తి నేల చూపులు చూస్తున్నాడు.

డెక్కు మీద వరసలోంచి పైడిరాజు లేచాడు. సైనికులు అరిచినా కూర్చోలేదు. "నేనే" అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో. "నేనే రాసాను. మా వోళ్లకేం తెలవదు."

వాడు సిబ్బంది. సిబ్బంది చెయ్యి పడిందంటే మళ్లీ మొదటికే, ఓడ పోతుంది, వాడి మెడకి ఉరి పడుతుంది. వాడికి షరతులు తెలియవు. అమ్మని దాచాలని తప్ప ఇంకేం తెలియదు వాడికి.

"రాజూ, కూకోరా."

గుమ్మం దగ్గరి నుంచి వచ్చింది ఆ గొంతు. కాకుల్ని తోలే గొంతు. పోలమ్మ ఎప్పుడు లోపలికి వచ్చిందో, ఎంత విన్నదో ఎవరికీ తెలియదు. అడ్డం వచ్చిన కుర్చీ పక్కకి తోసి, తిన్నగా తెర ముందు కూతురి పక్కన నిలబడింది.

"ఆడి మాట నమ్మకమ్మా. ఆడు సిన్నప్పట్నుంచీ అంతే, నామీద ఈగ వాలనివ్వడు. పసుపు నేనే రాసాను. సంగాడి పోలమ్మ. దుమ్ములపేట. రాసుకో." సదాశివమూర్తి వైపు తిరిగింది. "సెప్పు బాబూ ఆవిడకి. ఉన్నదున్నట్టు సెప్పు."

ఆయన చెప్పాడు.

"ఎందుకు రాశారు?" అని అడిగింది హెల్డ్రిన్.

"నా పిల్లది సేసింది కాబట్టి" అంది పోలమ్మ. "సల్లగా ఎల్లి సల్లగా రావాలని. తప్పు నాది తల్లీ. నా కూతురు ముద్దర అబద్ధం ఆడలేదు. ఎవరో ముట్టుకున్నారని సెప్పింది. నేను ముట్టుకున్నాను. నిజమే సెప్పింది కదా?"

సదాశివమూర్తి ఆ మాటలు ఇంగ్లీషులోకి మార్చేసరికి ఒంటిగంట యాభై ఎనిమిదైంది. హెల్డ్రిన్ జేబులోంచి పుస్తకం తీసి, పేరు మళ్లీ చెప్పించుకుని, నెమ్మదిగా రాసుకుంది.

"ముద్ర నిజమే చెప్పింది" అని తన వాళ్లకి సైగ చేసింది. "ఒప్పందంలో మార్పు లేదు. ఓడని వదిలేయండి."

సైనికులు ఒక్కొక్కరే నిచ్చెన దిగిపోయారు. మన నౌకని అక్కడే ఆగమని సదాశివమూర్తి కబురు పంపాడు. తలుపు మీద ఆ ముద్ర ఆరిపోయింది, దాని బదులు హెల్డ్రిన్ తన చేత్తో రాసిన చీటీ ఒకటి ఓడకి ఇచ్చింది. రెండు దాటి మూడు నిమిషాలకి సప్తగోదావరి ఇంజను మళ్లీ తిరగడం తెరలోంచి వినబడింది. పైడిరాజు మాత్రం కెమెరా వైపు చూస్తూ అక్కడే నిలబడ్డాడు, లైను తెగేదాకా.

నూకరత్నం తల్లి చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. "అమ్మా, ఎందుకు చెప్పావు? నేను ఇంకేదో ఒకటి ఆలోచించేదాన్ని కదా."

"ఏటి ఆలోసిస్తావు? నీ మొగుడు ఆ రేవులో పోయినప్పుడు ఆలోసించి ఆలోసించి ఈ ముద్దర సేసావు. అది ఉండాలా వద్దా?" అని కొంగుతో కూతురి ముఖం తుడిచింది పోలమ్మ. తర్వాత సదాశివమూర్తిని అడిగింది. "నన్ను ఎక్కడికి అంపుతారు బాబూ?"

"కెస్టోవా వాళ్ల చేతికివ్వరమ్మా. అది ఒప్పందంలోనే ఉంది. సాలూ ద్వీపంలో ఉంచుతారు. మూడేళ్లు." ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "మంచివాళ్లే అక్కడ. డాక్టరుంటాడు. నేను మాట్లాడతాను."

"తిండేటి?"

"అన్నమేనమ్మా. మనం పంపే బియ్యమే."

పోలమ్మ తల పంకించింది. సంతకు వెళ్లే ముందు ఇల్లు అప్పజెప్పేటప్పుడు చూసినట్టు గది అంతా ఒకసారి చూసి, కూతురి వైపు తిరిగింది.

"ఇన్నావు కదా. ఓడలు ఆగనివ్వకు. ఆగితే నాకు కూడుండదు" అంది.

నూకరత్నం సరేనంది.